లేని పిల్లాడి ల్యాప్‌టాప్

ఉదయం తొమ్మిదీ పదికి, జనం కిటకిటలాడుతున్న బస్టాపులో దర్జీని చంపేశారు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి "టైమెంతైందండీ?" అని మర్యాదగా అడిగాడు. దర్జీ మణికట్టు తిప్పి చూసుకున్నాడు. ఈ లోకంలో ఆయన చూసుకున్న ఆఖరి టైము అదే. సైలెన్సర్ బిగించిన పిస్తోలు ముసలివాడి దగ్గంత చప్పుడు కూడా చేయలేదు. బస్సొచ్చింది. జనం ఎక్కారు. దర్జీ ఒక్కడే ఎక్కలేదు.

దర్జీ అంటే బట్టలు కుట్టేవాడు కాడు. బతికినన్నాళ్ళూ ఊడిన గుండీ కూడా కుట్టుకోని మనిషి. విదేశీ గూఢచారి ముఠా ఒకటి ఆయనకు పెట్టిన కోడ్ నేమ్ అది.

పదిన్నరకి మన నిఘా డిపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో బ్రీఫింగ్. లిఫ్టు పనిచేయడం లేదు. ఏజెంట్ ఆవలింత మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ పైకి చేరాడు.

ఆ పేరెలా వచ్చిందంటారా? ఇరవై ఏళ్ళ కిందట శత్రువొకడు అతని కణతకి తుపాకి ఆనించి మూడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మనవాడు ఒకటి దగ్గర ఆవలించాడు. ఆవలింత అంటుకునే జబ్బు కదా, రెండు దగ్గర శత్రువూ ఆవలించాడు. తెరిచిన నోరు మూసుకునేలోపు తుపాకి చేతులు మారిపోయింది. నమ్మేవాళ్ళు నమ్మండి, డిపార్ట్‌మెంట్ ఫైల్లో మాత్రం అలాగే రాసుంది. అప్పుడది ఎత్తుగడ. ఇప్పుడు నిజంగానే అలసట.

"కూర్చో" అన్నాడు చీఫ్.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను సార్. విషయం చెప్పండి."

"దర్జీని లేపేశారు."

"ఎవరు?"

"వాళ్ళవాళ్ళే. మనవైపు దూకేస్తాడని అనుమానం." దర్జీ ఇంట్లో దొరికిన ల్యాప్‌టాప్ ఒకటి చీఫ్ బల్లమీదకి జరిపాడు. మూతమీద స్కూలు స్టిక్కరు, దాని పక్కన రోల్ నంబర్ నలభై ఒకటి. "బయటి దేశాల్లో మనవాళ్ళు పదకొండుమంది. పేర్లు, అడ్రసులు, ఫొటోలు. అన్నీ ఇందులో దాచాడు. పిల్లల ల్యాప్‌టాప్ ఎవడు సోదా చేస్తాడు? లేని పిల్లాణ్ణి ఒకణ్ణి తొమ్మిదో తరగతిలో చేర్పించి, వాడి పేరున స్కూలు నుంచి ఇది సంపాదించారు."

ఆవలింత ల్యాప్‌టాప్‌ని తనవైపు లాక్కున్నాడు. ఆ పదకొండుమందిలో ఒకడు అతని మేనల్లుడు. ఉద్యోగంలో చేర్పించింది తనే. అక్కకి మాత్రం వాడు పరాయి దేశంలో నీళ్ళ మోటార్లు అమ్ముకుంటున్నాడని చెప్పాడు. ఆవిడ ఆరేళ్ళుగా ఊరందరికీ ఆ మోటార్ల గొప్పలు చెబుతూనే ఉంది.

"సుత్తి తెప్పించండి సార్. ఇప్పుడే పగలగొట్టేద్దాం."

"పగలగొడితే మిషను పోతుంది. స్కూలు సర్వర్‌లో కాపీ ఉండిపోతుంది."

ఈ మాట అన్నది చీఫ్ కాదు. గుమ్మంలోంచి ముందు అత్తరు వచ్చింది, తర్వాత నల్ల కళ్ళద్దాలు, ఆ తర్వాత నెమలి. డబుల్ ఏజెంట్. ముఠా దగ్గరా, మన దగ్గరా రెండుచోట్లా పనిచేస్తుంది. ఎవరి పక్షమో ఆవిడకైనా తెలుసా అని డిపార్ట్‌మెంట్‌లో పందేలు నడుస్తుంటాయి.

"పాస్‌వర్డ్ దర్జీతోనే పోయింది" అంది నెమలి గోళ్ళు చూసుకుంటూ. "సాయంత్రం ఐదుకి సర్వర్ తాళాలు విప్పే ముఠా నిపుణుడొకడు విమానం దిగుతున్నాడు. ఈలోపు స్కూలువాళ్ళే రీసెట్ కొట్టి రెండుచోట్లా చెరిపేయాలి. మనం కొడితే 'ఈ మిషను స్కూలు అధీనంలో ఉంది, అనుమతి లేదు' అంటుంది. పోయినసారెప్పుడో ఒక తండ్రి వచ్చి రీసెట్ చేయించుకుపోతే, తల్లి వచ్చి రభస చేసిందట. అప్పట్నుంచీ తల్లీతండ్రీ ఇద్దరూ ఎదురుగా సంతకం పెట్టాలని రూలు. కాగితాల్లో తల్లిని నేను. తండ్రి దర్జీ."

"తండ్రిని చంపేశారుగా?"

"చంపేశాక ఫారం చదివారు" అంది నెమలి. అంత అలసటలోనూ ఆవలింతకి నవ్వొచ్చింది.

"అడ్మిషన్ కాగితాలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన మొహం అక్కడ ఎవరూ చూడలేదు. సంతకం నేర్చుకుంటే చాలు" అంది నెమలి మళ్ళీ.

"నువ్వే తండ్రివి" అన్నాడు చీఫ్, ఆవలింత వైపు చూసి. "టెక్నికల్ సెక్షన్‌కి వెళ్ళు. మీసం, మైకు ఉన్న చేతిగడియారం తీసుకో."

మధ్యాహ్నం రెండున్నరకి స్కూలు గేటు. పెట్టుడు మీసం జిగురుకి పైపెదవి దురదెక్కిపోతోంది. కారులో దర్జీ సంతకం నూటయాభైసార్లు రాసి రాసి వేళ్ళు వంకర్లు పోయాయి. గేటు దగ్గర కోడ్ వాక్యం తానే మొదలెట్టాలి.

"పిల్లాడు పాలు తాగాడా?"

"సగం గ్లాసు వదిలేశాడు" అంది నెమలి. కోడ్ సరిపోయింది.

వాచ్‌మన్ ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. "ఫోన్లు, ఫోన్లలాంటి గడియారాలు ఇందులో వేయండి సార్. లోపలికి తీసుకెళ్ళనివ్వరు."

"ఇది మామూలు గడియారమయ్యా."

"దీపం వెలుగుతోంది కదండీ. వేసేయండి."

ముప్ఫై మంది ఇంజనీర్లు మూడేళ్ళు తలలు బద్దలు కొట్టుకుని చేసిన గడియారం డబ్బాలో టప్పున పడింది. టోకెన్ నంబర్ పదిహేడు. నెమలి హ్యాండ్‌బ్యాగ్ వైపు వాచ్‌మన్ చూడలేదు. రూలు ఫోన్లకే కదా, పిస్తోళ్ళ సంగతి బోర్డు మీద రాయలేదు.

కంప్యూటర్ ల్యాబ్‌లో ఇన్‌చార్జ్ బక్కపలచటి మనిషి. పొద్దున్నుంచీ ఇలాంటివి ఇరవై చూసినవాడిలా ఉన్నాడు. ఆయన మొహంలో తన మొహమే కనిపించి ఆవలింతకి జాలేసింది.

"ఆటలు ఎక్కించాడా?"

"పాస్‌వర్డ్ మర్చిపోయాడండీ" అంది నెమలి.

"అందరూ అదే అంటారమ్మా. ఇక్కడ ఫాదర్, ఇక్కడ మదర్."

సంతకాలయ్యాయి. ఇన్‌చార్జ్ మిషనుకి చార్జర్ తగిలించి, తన కంప్యూటర్‌లో ఏదో నొక్కాడు. తెరమీద ఆకుపచ్చ గీత పాకడం మొదలెట్టింది. నాలుగు శాతం.

"ఇంక మొత్తం చెరిగిపోయినట్టేనా?" అన్నాడు ఆవలింత.

"ముందు బ్యాకప్ అండీ. పిల్లల హోంవర్కు పోగూడదు కదా. సర్వర్‌లో కాపీకి పాస్‌వర్డ్ తీసేసి మదర్ మెయిల్‌కి పంపిస్తాం. నూరుశాతం అయ్యాకే రీసెట్. పావుగంట పడుతుంది."

ఆవలింత మెల్లగా తల తిప్పాడు. నెమలి అతన్ని చూడటం లేదు, ఆకుపచ్చ గీతని చూస్తోంది. హ్యాండ్‌బ్యాగ్ మాత్రం అతని పక్కటెముకలకి ఆనింది. అందులోంచి గట్టిగా, గుండ్రంగా ఏదో గుచ్చుకుంది.

"అది కాస్త ఆపమనండి" అని లేవబోయాడు.

"కూర్చోండి, ఏవండీ" అంది నెమలి తియ్యగా. తర్వాత పెదవి కదపకుండా, "ఆ ఇన్‌చార్జ్‌కీ పిల్లలున్నారు. మీ ఇద్దర్నీ ఇక్కడే పడుకోబెట్టగలను."

"ఎవరి కోసం ఇదంతా?"

"ఎవరైతే ఏంటి? మీరూ అలిసిపోయారు, నేనూ అలిసిపోయాను. ఇదయ్యాక నేను మానేస్తున్నాను."

ముప్ఫై ఒకటి శాతం. మేనల్లుడు మామిడిపండంత బుగ్గలతో తన భుజమెక్కి ఊరేగిన రోజులు గుర్తొచ్చాయి. "మామయ్యా, నేనూ నీలాగే అవుతా" అన్నప్పుడు చెవి మెలేసి ఉంటే ఎంత బాగుండేది!

తలుపు ధడాలున తెరుచుకుంది.

"నలభై ఒకటో నంబర్ ఫాదర్ ఎవరు? మీరేనా? ఇలా బయటికి రండి."

క్లాస్ టీచర్. పొట్టి మనిషి, చేతిలో హాజరు పట్టీ, ముక్కుమీద కోపం. ఎన్ని పిస్తోళ్ళు పెట్టినా క్లాస్ టీచర్ పిలిచాక వెళ్ళకుండా కూర్చున్న తండ్రి భూమ్మీద లేడు. ఆవలింత లేచాడు. నెమలి లెక్కేసుకుంది, ఇక్కడ కాలిస్తే గీత ఆగిపోతుంది. ఊరుకుంది.

వరండాలో టీచర్ విరుచుకుపడింది. "అరవైనాలుగు పనిదినాలు. వాడొచ్చింది ఒక్కరోజు! కిటికీ పక్కన కూర్చుని, బోర్డు కనబడటం లేదన్నాడు. మర్నాటికి ముందు బెంచీలో చోటు కూడా చూసి ఉంచాను. వాడు రాలేదు. చీటీలు మాత్రం వస్తాయి, కడుపునొప్పి, జలుబు, మళ్ళీ కడుపునొప్పి. మీరు తండ్రేనా అసలు?"

తుపాకి గుళ్ళకి చలించని ఆవలింత ఆ ప్రశ్నకి తలొంచుకున్నాడు. ఆ ఒక్కరోజుకి ముఠా ఎవరి పిల్లాణ్ణో అద్దెకి తెచ్చి కూర్చోబెట్టింది. ఈవిడేమో వాడికోసం మూడు నెలలుగా చోటు ఖాళీగా ఉంచింది!

"మేడమ్, పిల్లాడు స్కూలు వదిలేస్తే వాడి ఫైళ్ళు ఏమవుతాయి?"

"టీసీ ఇచ్చిన క్షణమే ఆఫీసులో పేరు కొట్టేస్తారు. మిషన్లోనివీ, సర్వర్‌లోనివీ అన్నీ వాటంతటవే చెరిగిపోతాయి. వెళ్ళిపోయిన పిల్లలవి ఉంచుకోగూడదు. ఎందుకూ?"

"టీసీ ఇప్పించండి. ఇప్పుడే."

టీచర్ కోపం ఎక్కడికి పోయిందో పోయింది. "అయ్యో, అంత మాటెందుకండీ? నేనేదో కోపంలో... వాడు మంచివాడు. నేను ఇంటికొచ్చి మాట్లాడతాను."

ల్యాబ్ కిటికీలోంచి గీత కనిపిస్తోంది. అరవై ఎనిమిది.

"తల్లి కూడా సంతకం పెట్టాలా?"

"చేర్చుకోవడానికే ఇద్దరు కావాలి. తీసుకుపోవడానికి ఒక్కరు చాలు. కానీ నేను రాసివ్వాలి, నేను రాయను. నా క్లాసు పిల్లాణ్ణి అంత తేలిగ్గా వదలను."

ఆవలింత ముప్ఫై ఏళ్ళలో ఐదు వందల అబద్ధాలు కంఠతా పట్టాడు. ఆ క్షణాన ఒక్కటీ అందలేదు. నోటికి నిజమే వచ్చింది.

"వాడి ప్రాణం మీదకొచ్చింది మేడమ్. నా వల్లే. నన్ను చూసి నా దారిలో వచ్చాడు. ఇంకో ఐదు నిమిషాలు వాడి పేరు ఆ మిషన్లో ఉంటే మావాడు బతకడు. ఇంతకంటే అడక్కండి."

జిగురు వదిలి మీసం ఒక చివర వేలాడింది. టీచర్ ఆ మీసాన్ని చూసింది, తడిసిన కళ్ళని చూసింది. ఏమనుకుందో ఏమో, అతని చెయ్యి పట్టుకుని ఆఫీసు వైపు పరుగెత్తింది.

"గుమస్తాగారూ! నలభై ఒకటి, టీసీ. ఇప్పుడే."

"రేపు రమ్మనండి మేడమ్, టీ టైమైంది."

"లేవమంటే లేవండి!"

గుమస్తా లేచాడు, కూర్చున్నాడు, కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది నెత్తిమీదే ఉంది. టీచర్ రాసిచ్చింది. ఆవలింత నూటయాభై రెండోసారి దర్జీ సంతకం పెట్టాడు. గుమస్తా ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాడు. "కారణం?" అనడిగితే, "నాన్న బదిలీ" అంది టీచర్. ఎంటర్ నొక్కాడు.

ల్యాబ్‌లో గీత తొంభైతొమ్మిది దగ్గర నిలబడి, చూస్తుండగానే సున్నాకి జారింది. తెరమీద ఒక్క ముక్క మిగిలింది: ఈ విద్యార్థి రికార్డు లేదు.

నెమలి సుడిగాలిలా వరండాలోకి వచ్చింది. చేయి బ్యాగులోపల ఉంది. ఎదురుగా టీచర్.

"మదర్! పిల్లాణ్ణి ఇంత ప్రమాదంలో పెట్టి ఎక్కడికి? ముందు ఆ చెయ్యి బయటికి తీసి, చక్కగా నిలబడి మాట్లాడండి!"

పదమూడు దేశాల పోలీసుల మాట వినని చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. ఎప్పుడో చిన్నప్పటి భయం కాబోలు. తేరుకునేలోపు బ్యాగు ఆవలింత చేతిలో ఉంది. టీచర్‌కి ఇవేవీ పట్టలేదు. పిల్లల పెంపకం మీద పాఠం మొదలెట్టింది. ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి ఆవలింత చేసిన ఫోనుకి డిపార్ట్‌మెంట్ వ్యాను ఇరవై నిమిషాలకి వచ్చింది. అప్పటికి పాఠం సగమే అయింది. వ్యాను ఎక్కేటప్పుడు నెమలి మొహంలో కనిపించింది ఓటమి కాదు, విముక్తి.

సాయంత్రం ఆరుకి మేనల్లుడి నుంచి ఫోనొచ్చింది.

"ఏం మామయ్యా, గొంతు అలా ఉంది?"

"ఏం లేదురా. ఇవాళ స్కూల్లో టీచర్ చేత తిట్లు తిన్నాను."

"ఈ వయసులోనా? ఏం చేశావ్?"

"నేనేం చేయలేదు. నువ్వు బడికి సరిగ్గా వెళ్ళడం లేదట" అని ఆవలింత ఫోను పెట్టేసి, బూట్లయినా విప్పకుండా నిద్రపోయాడు.