చేతులు కోసిన కుర్చీ

పొద్దున్నే టీ గ్లాసుతో తండ్రి ఎదుట నిలబడ్డాడు వడ్రంగి. ఇవ్వడానికి కాదు.

"చేతులు ఆనించకుండా లే నాన్నా. లేస్తేనే టీ."

పెద్దాయనా వడ్రంగే. ఆ టేకు కుర్చీ ఆయన చేసుకున్నదే. ఒకప్పుడు దూలాన్ని ఒంటరిగా భుజానికెత్తుకున్న మనిషి, ఇప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచి మళ్లీ కూలబడ్డాడు.

"ముప్పూటలా తింటున్నావు, ఒంట్లో బలమేది? అంతా బద్ధకం!"

కొడుక్కి ఉన్నది కోపం కాదు, భయం. సన్నబడిపోతున్న ఆ కాళ్లను చూడలేకపోతున్నాడు. ఆ మాట చెప్పడం చేతకాక రంపం తెచ్చాడు. తండ్రి కూర్చునుండగానే కుర్చీ చేతులు రెండూ కోసేశాడు.

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మీకు మతి గానీ పోయిందా?"

"నువ్వు గారాబం చేసి ఆయన్ని మంచాన పడేస్తావు. ఇక వంకలుండవు."

పెద్దాయన తొడ మీద పడ్డ రంపంపొట్టు దులుపుకున్నాడు.

మూడో రోజు, ఎవరూ లేనప్పుడు, అలవాటు కొద్దీ లేని చేతి మీద బరువు మోపి పడిపోయాడు. నుదురు చిట్లింది.

రెండు వారాల పరీక్షల తర్వాత డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పెట్టింది.

"తిన్నది శక్తిగా మారాల్సింది కణాల్లోని మైటోకాండ్రియాలో. వయసుతో అందరికీ ఆ పని కొంత మందగిస్తుంది. ఈయనకి మరీ ఎక్కువ. అందుకే కండ కరిగిపోతోంది."

"మరి... వ్యాయామం?"

"మెల్లగా, పక్కన మనిషి సాయంతో. ఇంతకీ ఎలా పడ్డారు?"

కొడుకు రిపోర్టు వైపు చూపు తిప్పుకున్నాడు. "నేనే తూలి పడ్డానమ్మా," అన్నాడు పెద్దాయన.

ఇంటికొచ్చీ రాగానే కొడుకు చెత్తకుప్పలోంచి కుర్చీ చేతులు ఏరి తెచ్చాడు. జిగురు పెట్టి, మేకులు దిగ్గొట్టి, గరుకు కాగితంతో రుద్ది, మర్నాడు తండ్రిని కూర్చోబెట్టాడు. పెద్దాయన అతుకు మీద బొటనవేలు నడిపాడు. కాస్త నొక్కాడు. అది కదిలింది.

"బరువు ఆగదురా. కోసేటప్పుడు ఆలోచించాల్సింది."

కొడుకు మోకాళ్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "తప్పయిపోయింది నాన్నా. నా చెయ్యి పట్టుకో."

చాచిన ఆ చేతిని, కర్రలో పగుళ్లు వెతికినట్టు, పెద్దాయన చాలాసేపు చూశాడు.

"నువ్వు ముందు లే," అన్నాడు. "కూర్చున్నవాణ్ణి పట్టుకుని నేనెట్లా లేస్తాను?"