ఇసుక కింద పడవ

ఏరు ఎండి చాలాకాలమైంది. ఊరికి నీళ్లు మాత్రం ఇంకా ఏటి నుంచే వెళ్లాలి. ఇసుకలో లోతుగా దించిన ఊటబావి, దాని మీద పంపు గది, గదిలో ఒంటరిగా ఆపరేటరు. ఆ సాయంత్రం మోటారు గుక్కపట్టిన పిల్లాడిలా ఏడుస్తోంది గానీ నీళ్లు ఎక్కడం లేదు. కబురందుకుని, పంపులు బాగుచేసే ఫిట్టరైన అతని బావ సైకిలు ఒడ్డున పడేసి ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

"మీ అక్క క్యారేజీలో అన్నం కన్నా తిట్లే ఎక్కువ కట్టిందిరా. ఇంట్లో బిందెలన్నీ బోర్లా పడుకున్నాయట," అన్నాడు లోపలికొస్తూనే.

నవ్వబోయిన ఆపరేటరు ఆగిపోయాడు.

"బావా... విన్నావా?"

ఎక్కడో ఇసుక అడుగున, టక్... టక్‌టక్. చెక్క మీద చెక్క తగిలిన చప్పుడు.

"పైపులో రాయి దొర్లుతోందిలే."

"రాయి కాదు."

ఆ చప్పుడు అతనికి తెలుసు. ఏట్లో నీళ్లున్న రోజుల్లో నాన్న పడవ నడిపేవాడు. ఒడ్డు చేరేముందు గెడతో పడవ అంచును అలాగే తట్టేవాడు. అది వినగానే అక్కా తనూ పరుగెత్తుకెళ్లేవాళ్లు. ఒక వరదలో నాన్న పడవతో సహా పోయాడు. శవం కూడా దొరకలేదు.

చప్పుడు దగ్గరకొచ్చింది. గది నేల కింద నుంచి జరుగుతూ... బావి గోడకు ఆనుకుని ఆగింది. గుప్పున బురద వాసన, ఏళ్లతరబడి వెలుతురు చూడని బురద. మోటారు మూలిగింది. పైపులో ఏదో ఇరుక్కుంది. మోటారు కాలిపోతుందని ఆపరేటరు గబుక్కున ఆపేశాడు.

నిశ్శబ్దం.

బావిలోంచి గుసగుస.

"ఎందుకాపావురా... వచ్చేశాను కదా..."

బావ అతని మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు. "మళ్లీ వెయ్యకు. నా మాట విను. తాళం వేసి పోదాం పద."

"నాన్న, బావా..."

"మీ నాన్న పోయాడ్రా!"

"చీకట్లో ఉన్నానురా..." అంది బావిలో గొంతు.

ఆపరేటరు చెయ్యి విదిలించుకున్నాడు. స్విచ్ వేశాడు.

మోటారు హాయిగా తిరిగింది. బరువైనదేదో పైపులో ఒరుసుకుంటూ పైకెక్కి, గది దాటి, ఊరివైపు వెళ్లిపోయింది. దాని వెనకే నీళ్లు పొంగుకొచ్చాయి. ఆపరేటరు ఏడుస్తూనే నవ్వాడు. బావ గోడకు అంటుకుపోయాడు.

కాసేపటికి ఫోను మోగింది. అక్క.

"నీళ్లొచ్చాయిరా! కానీ కుళాయి కట్టేసినా ఆగడం లేదు. ఒక్కసారి మోటారు ఆపు."

ఆపాడు. ఫోనులో ధార మాత్రం ఆగలేదు.

"ఆపావా?... ఉండుండు. స్నానాలగదిలో ఎవరో దగ్గుతున్నారు."

"భయపడకక్కా. నాన్నే. నేనే పంపించాను."

ఆ మాట చెవిన పడగానే బావ ఇంటివైపు పరుగు తీశాడు. ఇసుకలో పడి లేచి, పడి లేచి...

ఫోనులో అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది. ధార చప్పుడు పెద్దదైంది. తరవాత అక్క గొంతు, ఊపిరి కన్నా సన్నగా...

"నాన్న కాదురా."