గొంతు లేని రెండు ఖాళీలు

శుభవార్త వచ్చేసరికి ఏజెంట్ పిచ్చుక ఒక శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

“ఊరి నీళ్ళ మీద కన్నేసిన విదేశీ ముఠా మొత్తం దొరికింది,” ఫోన్లో చీఫ్. “పట్టించింది మన ఏజెంట్ మెరుపే. మిషన్ క్లోజ్. పెళ్ళై పదకొండు రోజులేగా, ఇంటికెళ్ళమ్మా!”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున టిఫిన్ డబ్బా మూత మీద భర్త పెన్నుతో గీసిన పిచ్చుక బొమ్మ గుర్తొచ్చింది. అతను ఈ నీటిశుద్ధి కేంద్రంలోనే, కింద క్లోరిన్ గదిలో డ్యూటీలో ఉన్నాడు.

శవం కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌ది. మెడ మీద సూది గుర్తు. బిగుసుకున్న పిడికిట్లో ప్రింటవుట్: ఎంత క్లోరిన్ వదలాలో యంత్రాలకు చెప్పే కాన్ఫిగరేషన్ ఫైల్. పన్నెండింటికి అది అమల్లోకి వస్తుంది. ఇంకా నాలుగు నిమిషాలు.

“దీన్ని చెక్ చేశారా?”

“ఎప్పటిలాగే మేడమ్,” తలుపు దగ్గర నిలబడ్డ సూపర్‌వైజర్ అన్నాడు. “నేను పైకి చదివాను, ఈయన పాతదాంట్లో టిక్కులు పెట్టాడు. ఒక్క అంకె తేడా లేదు. అయినా మళ్ళీ చూస్తానని కూర్చున్నాడు, పాపం.”

“ఈ ఫార్మాట్ ఎవరు పెట్టించారు?”

“కన్సల్టెంటమ్మ. బ్రాకెట్ల గోల ఉండదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందంది.”

ఆ కన్సల్టెంట్ మెరుపే. ఆ వేషంలో ముఠాలోకి చీఫ్ పంపిన అందగత్తె.

పిచ్చుక ఆ పిడికిలి విప్పి ప్రింటవుట్ లాగింది. ఈ ఫార్మాట్‌లో ఏ లైను ఏ విభాగానిదో చెప్పేది దాని ముందున్న ఖాళీయే. ఖాళీని పైకి చదవలేరు.

హ్యాండ్‌బ్యాగ్‌లోని లిప్‌స్టిక్ కెమెరా, వాచీ ట్రాన్స్‌మిటర్ దేనికీ పనికిరాలేదు. బల్ల మీది ప్లాస్టిక్ స్కేలు తీసి కాగితం మీద నిలువుగా పెట్టింది. ‘గరిష్ట పరిమితి’ లైను రెండు ఖాళీలు ఎడమకు జరిగి ఉంది. అంటే క్లోరిన్ విభాగంలోంచి బయటపడింది. పరిమితి లేని వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ముందు కింది గది, తర్వాత ఊరు.

“ఆపండి!”

“ఆగదు మేడమ్! ఫైలు దిద్దడమొక్కటే దారి!”

కీబోర్డు లాక్కుంది. స్పేస్ బార్ రెండుసార్లు. సేవ్. గడియారంలో రెండు సెకన్లు మిగిలాయి.

మీటరు ముల్లు పైకి లేచింది. పరిమితి గీత దగ్గర ఆగింది.

ఇంటర్‌కమ్ గరగరలాడింది. కింది గదిలోంచి భర్త. “ఏమోయ్, పైనే ఉన్నావటగా! డబ్బా చూశావా?”

“చూశాను,” అంది, ఆపరేటర్ కళ్ళు మూస్తూ.

తర్వాత చీఫ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది. ముఠాను పట్టించింది తన పని కప్పిపుచ్చుకోడానికేనని, సూది పొడిచిందీ మెరుపేనని కూడా.

“రేపు పదింటికి మెరుపుకి సన్మానం పెట్టానమ్మా. రద్దు చేయనా?”

“వద్దు సార్. పూలగుచ్ఛం మీరు తెండి, బేడీలు నేను తెస్తాను. పదిన్నరకి ఫార్మాట్ మారుద్దాం. ఖాళీలతో పనిలేకుండా, తెరిచిన ప్రతి బ్రాకెట్టూ మూసేదాకా ఒప్పుకోనిది ఒకటుంది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉండదు.”