ఆవలింత పరీక్ష

కళ్లజోళ్ల షాపతనికి తెలివైనవాడిలా కనిపించడం పెద్ద కష్టం కాదు. కళ్లజోడు ఎలాగూ కొన్న ధరకే వస్తుంది. నోరు విప్పినప్పుడే చిక్కంతా.

చెప్పుల షాపు మేడ మీది గదిలో ఆదివారం సాయంత్రాలు సైన్సు పుస్తకాలు చదివే బృందం ఒకటి కూడేది. అందులో అతను చేరింది ప్రేమతోనే. కాకపోతే ఆ ప్రేమ సైన్సు మీద కాదు, అక్కడికొచ్చే పశువుల డాక్టరమ్మ మీద.

బృందం పెట్టిన లెక్కల మేస్టారిది ఒకటే రూలు. పుస్తకం తెచ్చినవాళ్లు మధ్యలోంచి ఒక పేజీ పైకి చదవాలి. ఒక్కరు ఆవలించినా ఆ పుస్తకం జాబితాలోంచి కొట్టేసినట్టే. ఆమె తెచ్చినవి అప్పటికే రెండు అలా పోయాయి.

"ఈ వానపాముల పుస్తకం కూడా పోతే నేనిక రాను మేస్టారూ. మా ఆస్పత్రిలో ఆవులకి చదివి వినిపించుకుంటా. అవి నెమరేస్తాయి గానీ ఆవలించవు."

ఆ మాట విని మనవాడు, ఆ పుస్తకం ఎలాగైనా నెగ్గాలని మొక్కుకున్నాడు.

ముందు అతని వంతు. ఆమె ముందు గొప్ప కొడదామని నక్షత్రాల పుట్టుక గురించి ఇటుకంత పుస్తకం తెచ్చాడు. రాత్రంతా దాంతో కుస్తీ పట్టినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అయినా గొంతు సవరించుకుని గంభీరంగా మొదలుపెట్టాడు. నాలుగో వాక్యంలో ఇంత నోరు తెరిచి ఆవలించాడు, చదువుతున్న తనే.

"నాయనా, చదివేవాడే ఆవలిస్తే ఏం చెయ్యాలో మనం అనుకోలేదు," అన్నారు మేస్టారు. "అయినా కొట్టేద్దాం."

గదంతా నవ్వింది. ఆమే ఎక్కువ నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా, ఆ నవ్వు ఎంత బాగుందో అనుకున్నాడు వెర్రివాడు.

తర్వాత ఆమె చదివింది. వానపాములు మట్టి మింగుతూ నేలని ఎలా గుల్లబారుస్తాయో అందులో చక్కగా రాసి ఉంది. కానీ నిద్రలేని ఒళ్లు మాట వింటుందా? రెండో ఆవలింత బయల్దేరింది. ఇది బయటపడితే పుస్తకం పోతుంది, దాంతోపాటు ఆమె కూడా పోతుంది. పళ్లు బిగించాడు. పెన్ను పడిపోయినట్టు బల్ల కిందికి దూరి, జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్లు ధారకట్టాయి.

పైకి లేచేసరికి పేజీ అయిపోయింది. పుస్తకం నెగ్గింది.

"చూశారా, వానపాముల కష్టానికి కన్నీళ్లు పెట్టుకున్నాడు!" అని మేస్టారు మురిసిపోయారు.

కిందికి దిగితే వాన. ఇద్దరూ చెప్పుల షాపు చూరు కింద ఇరుక్కుని నిలబడ్డారు.

"నిజం చెప్పేస్తానండీ. అవి కన్నీళ్లు కావు, ఆవలింత."

"తెలుసు. నోరులేని జీవాలకి వైద్యం చేసేదాన్ని. మీరు నోరు మూసుకుంటే మాత్రం కనిపెట్టలేనా?"

"మరి మేస్టారికి చెప్పలేదేం?"

"జేబురుమాలు మింగేస్తారేమోనని భయమేసింది. ఎందుకండీ అన్ని పాట్లు?"

ఇదే అదను అనుకున్నాడు. మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"ఈ అనంత విశ్వంలో రెండు నక్షత్రాలు గురుత్వాకర్షణ వల్ల..."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కావాలనే ఆవలించింది.

"కొట్టేశాం. వేరేది చదవండి."

రాత్రంతా కుస్తీ పట్టి తెచ్చుకున్న నక్షత్రాలన్నీ రాలిపోయాయి. ఇక దాచడానికేం మిగల్లేదు.

"మీరు రాకపోతే నాకు ఆదివారంతో పనే లేదండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె ఆవలించలేదు. వాన వెలిసినా కదల్లేదు.

"ఆపారేం?" అంది. "తర్వాతి పేజీ చదవండి."