పదో తూటా ఎటు పోయింది

వ్యోమింగ్‌లో గాలి వీచని రోజు అరుదు. ఎమ్మెట్ ప్రూయిట్‌ని చంపినవాళ్లు అలాంటి రోజు కోసమే కాచుకుని కూర్చున్నారు.

ముసలాయన తన ట్రక్కు వెనక తలుపు దించుకుని, దానిమీద కూర్చుని మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటున్నాడు. ఎదురుగుట్ట మీంచి ఒకే ఒక్క తూటా వచ్చింది. ఆయన్ని చూసినవాళ్లు చెప్పారు, సగం శాండ్‌విచ్ ఇంకా చేతిలోనే ఉందని. తుపాకుల గురించి ఆ రాష్ట్రంలో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. అలాంటి మనిషిని తుపాకీతోనే సాగనంపారు.

మర్నాడు పొద్దున రాయ్స్ టిల్లర్‌మన్‌కి ఫోనొచ్చింది.

"మీ బూట్ల రిపేరు అయిపోయింది, వచ్చి పట్టుకెళ్లండి" అంది ఒక ఆడగొంతు.

రాయ్స్ బూట్లు రాయ్స్ కాళ్లకే ఉన్నాయి. కోటు తగిలించుకుని, హైవే పక్కనున్న డైనర్‌కి బయల్దేరాడు. అది మారియన్ ఓక్స్ పిలిచే పద్ధతి.

మారియన్‌ని చూస్తే చర్చిలో కేకులు అమ్మే బామ్మ అనుకుంటారు. విదేశీ గూఢచారుల్ని పట్టే విభాగానికి అక్కడి నాలుగు రాష్ట్రాల్లో ఆవిడే చీఫ్, రాయ్స్ ఆవిడ కింద పనిచేసే ఏజెంటు. బన్నుల్లాంటి మెత్తటి బిస్కెట్ల మీద గ్రేవీ పోసుకుని తింటూ, తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"ఎమ్మెట్ నెలరోజులుగా ఏం చేస్తున్నాడు?"

"కమిటీకి రైఫిళ్లు పరీక్షిస్తున్నాడు."

"ఎన్ని మిగిలాయి?"

"రెండే. హాల్డెన్, కెస్లర్ ఫోర్క్."

బందీల్ని విడిపించే దళాలన్నిటికీ ఒకే రకం సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. వడపోతలన్నీ అయ్యాక ఈ రెండు కంపెనీలు నిలబడ్డాయి. రెండూ ఖరీదైనవే, రెండూ పేరున్నవే. హాల్డెన్ రైఫిల్ గురి అద్భుతం. చేయి తిరిగినవాడు పది కాలిస్తే పదింటినీ ఒక నాణెంతో కప్పేయొచ్చు. కెస్లర్ ఫోర్క్ అంత ముద్దుగా కొట్టదు, టీకప్పు కావాలి కప్పడానికి. కానీ బురదలో ముంచినా, మంచులో పాతిపెట్టినా, నూనె చుక్క చూడకపోయినా పేలుతూనే ఉంటుంది. ఏది మేలన్న వాదనలో ఆ చుట్టుపక్కల అన్నదమ్ములు మాటలు మానేశారు, చర్చిలో ఒక బల్ల మీద కూర్చోవడం కూడా మానేశారు.

"హాల్డెన్‌ని పోయినేడు ఎవరో కొన్నారు" అంది మారియన్. "కొన్నవాళ్ల వెనక ఇంకొకళ్లు. వాళ్ల వెనక బూడిద కొంగ."

బూడిద కొంగ అంటే సముద్రం అవతలి ముఠాకి విభాగం పెట్టుకున్న రహస్య నామం. మారియన్ అనుమానం చిన్నదేం కాదు. ఆ రైఫిల్లో ఎక్కడో ఒక నాసిరకం లోహపు ముక్క పెట్టారు. పరీక్షల్లో బయటపడదు, గట్టి చలిలో గట్టిగా వాడితే విరుగుతుంది. ఎంపిక ముగిసి, దళాలన్నిటి చేతికీ హాల్డెన్ వచ్చాక, కొంగ మనుషులు ఎక్కడో ఓ బడినో, ఆసుపత్రినో పట్టుకుంటారు. మనవాళ్లు తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్తారు. ట్రిగ్గర్ నొక్కుతారు. ఏమీ జరగదు.

"రుజువు?" అడిగాడు రాయ్స్.

"ఉంటే నీకు బూట్లెందుకు కుట్టించేదాన్ని?" ఇప్పుడు తల ఎత్తింది మారియన్. "లెనోర్ ఏమంటోంది?"

రాయ్స్ కాఫీ తాగాడు. లెనోర్ హ్యాచ్ హాల్డెన్ కంపెనీ తరఫున పోటీల్లో కాల్చే ఛాంపియన్. రెండేళ్లుగా ఆ కంపెనీ లోపలి కబుర్లు రాయ్స్‌కి చేరవేస్తున్నదీ ఆమే. వచ్చే శనివారం లారమీ కోర్టులో వాళ్లిద్దరి పెళ్లి.

"హాల్డెన్ కడిగిన ముత్యం అంటోంది. ఎమ్మెట్‌ని చంపించింది కెస్లర్ ఫోర్క్ వాళ్లే అంటోంది."

మారియన్ ఇంకేం అడగలేదు. అడక్కపోవడమే రాయ్స్‌కి గుచ్చుకుంది.

ఆఖరి పరీక్ష నాటికి గాలి తిరిగొచ్చింది, చెవులు కోసేస్తోంది. కాల్పులు జరిగే రేంజ్‌లో రాయ్స్ పేరు క్లే బర్చ్. గళ్ల చొక్కా, అరువు గడ్డం, తుపాకుల పత్రికకి సమీక్షలు రాసేవాడి వేషం. పేలుడు వినపడకుండా అందరూ చెవులకి పెట్టుకునే కప్పుల్లాంటివే అతనూ పెట్టుకున్నాడు. అతని కప్పుల్లో మాత్రం మారియన్ గొంతు వినిపిస్తుంది. ఆవిడ పార్కింగ్‌లో పశువుల డాక్టర్ బండిలో కూర్చుని ఉంది.

లెనోర్ వచ్చింది. గొర్రెతోలు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్, నడుము బెల్టుకి పోటీలో గెలిచిన వెండి బకిల్. కమిటీలో ఒకాయన కాఫీ ఒలకబోసుకున్నాడు. ఆమె రాయ్స్ పక్కనుంచి వెళ్తూ, పెదవి కదపకుండా, ఆ గడ్డంలో మేకపోతులా ఉన్నావని అంది. శనివారానికి తీసేస్తానన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు అబద్ధం కాదు, ఈ రోజుకీ అతను అదే అంటాడు.

కాబోయే పెళ్లాం కాలుస్తుంటే పక్కన పడుకుని దూరదర్శినిలో తూటా ఎక్కడ తగిలిందో చూసి చెప్పే పని సమీక్షకుడు క్లేకి ఇచ్చారు. సమీక్షకులకి ఆ పని ఇవ్వడం అక్కడ మామూలే. క్లే పేరుతోనే రాయ్స్ ఎన్నో పోటీల్లో ఆమెకి ఆ పని చేశాడు. ఆమె ఊపిరి ఎప్పుడు ఆగుతుందో, వేలు ఎలా వంగుతుందో తన ఊపిరికన్నా బాగా తెలుసు.

ముందు కెస్లర్ ఫోర్క్ కాల్చారు. రాత్రంతా మంచుపెట్టెలో గడ్డకట్టిన రైఫిల్. ఒక్కసారీ ఆగలేదు. టీకప్పు కావాల్సి వచ్చింది, అంతే. చూస్తున్నవాళ్లు మర్యాదకి చప్పట్లు కొట్టారు.

తర్వాత లెనోర్ అదే చలిలో బిగుసుకున్న హాల్డెన్ వెనక బోర్లా పడుకుంది. తొమ్మిది తూటాలు ఒకే కన్నంలోకి దూరాయి. చూస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టారు. పదోది ఎడం పక్కకి, బాగా పైకి పోయింది.

"నాది" అంది లెనోర్.

ఇక్కడ ఆ మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. పన్నుల దగ్గర అబద్ధం చెబుతారు, పట్టిన చేప సైజు గురించి చెబుతారు, పెళ్లాం దగ్గర చెబుతారు. తను కాల్చిన గుండు గురించి మాత్రం షూటర్ అబద్ధం చెప్పడు. చేయి అదిరితే, తూటా ఎక్కడ తగిలిందో చూడకముందే "నాది, కుడి కింద" అని దిక్కుతో సహా ఒప్పేసుకుంటాడు. అలా ఒప్పుకున్న తూటాని రైఫిల్ ఖాతాలోంచి కొట్టేస్తారు. తప్పు నెత్తిన వేసుకున్నవాణ్ని అనుమానించడం అక్కడ తిట్టుతో సమానం. ఎమ్మెట్ ఒక్కడే ఆ మర్యాద పాటించేవాడు కాదు. తప్పెవరిదో తుపాకీకి తెలుసా, అన్నీ కలిపి లెక్కేయండి అని నెలంతా కమిటీతో గొడవపడ్డాడు. ఆయన బతికుంటే ఈ పదో తూటాని కొట్టేయనిచ్చేవాడు కాదు.

రాయ్స్ పక్కనుంచి గమనించాడు. ఆమె ఊపిరి ఆగింది, వేలు ఎప్పట్లాగే వంగింది. అదరలేదు. అదిరిందని చెప్పింది.

ఆమె చూడకుండా దూరదర్శినికి మూత పెట్టేశాడు.

"ఎటు పోయింది, లెనోర్?"

ఆమె తల తిప్పి అతని కళ్లలోకి చూసింది. ఒక్క క్షణమే. ఏం అడుగుతున్నాడో ఆమెకి అర్థమైంది.

"కుడికి. కొంచెం కింద."

కమిటీ చైర్మన్ కల్నల్ ఓడెల్ వెనకనుంచి చిరాకు పడ్డాడు. తూటా ఎడం పైకి పోయిందని ఆయన తన దూరదర్శినిలో చూశాడు. అయినా సరే, ఆఖరి గుండు కంగారులో దిక్కు ఎవరికైనా పొరబడుతుంది, ఆవిడ పెద్దమనసుతో తప్పు ఒప్పుకుంది, మనం ఆ మర్యాద కాపాడదాం అన్నాడు. హాల్డెన్ మేనేజరు అప్పటికే చేయి కలపడానికి ముందుకొచ్చాడు. కల్నల్ చేతి తొడుగు విప్పి సంతకానికి పెన్ను తీశాడు.

రాయ్స్ దగ్గర రుజువు లేదు. నేను ప్రేమించిన మనిషి ఊపిరి నాకు తెలుసు అంటే ఏ కమిటీ వింటుంది?

"కల్నల్ గారూ, ఒక్క నిమిషం. పదో తూటా ఆవిడ తప్పయితే, రైఫిల్‌కి ఒకటి బాకీ ఉంది. అది నేను కాలుస్తా."

జవాబు కోసం చూడలేదు. లెనోర్‌ని పక్కకి జరిపి, హాల్డెన్ వెనక పడుకుని, చెంప ఆనించాడు. లోహం మంచుగడ్డలా తగిలింది. లోపల తూటాని వెనకనుంచి బిగించి పట్టే బోల్టు విరిగి ఉంటే, ఈసారి పేలుడు ముందుకి పోదు, వెనక్కి వస్తుంది. వెనక ఉన్నది అతని మొహం.

చెవిలో మారియన్ గొంతు. "లే అబ్బాయ్. కాల్చకు. ఇది ఆర్డర్."

అతను లేవలేదు. తూటా ఎక్కించాడు. పక్కనే లెనోర్ మోకాళ్ల మీద ఉంది. ఆమె ఒక్క మాట మాట్లాడకపోతే చాలు. రైఫిల్ పేలి, గోల జరిగి, దుమ్ము సర్దుకునేలోగా పార్కింగ్ దాటొచ్చు. సరిహద్దూ దాటొచ్చు. అదృష్టం బాగుంటే బోల్టు ఇంకో గుండు తట్టుకుంటుంది, హాల్డెన్ గెలుస్తుంది, కొంగ ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటుంది.

రాయ్స్ ఊపిరి ఆపాడు. వేలు వంచడం మొదలుపెట్టాడు.

"రాయ్స్, వద్దు."

ఆమె చేయి రైఫిల్‌ని ఒక్క తోపు తోసింది. తూటా పేలలేదు. రైఫిల్ కంకర మీద పక్కకి పడింది.

రేంజ్ మొత్తం ఆమె వైపు తిరిగింది. అక్కడున్నవాళ్లకి తెలిసిన మనిషి పేరు క్లే.

"బోల్ట్ చీలింది" అంది లెనోర్, ఇంకా అతని వైపే చూస్తూ. "పదో గుండుకి తెలిసింది నాకు. చేతిలో తెలిసింది."

కల్నల్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. రైఫిల్ విప్పించాడు. బోల్టు తల మీద వెంట్రుకంత పగులు, అడ్డంగా. హాల్డెన్ మేనేజరు తన ట్రక్కు వైపు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. పశువుల డాక్టర్ బండి అడ్డమొచ్చింది. అందులోంచి దిగిన నలుగురి చేతుల్లోనూ మందులు లేవు.

బండిలో లెనోర్‌తో మాట్లాడటానికి మారియన్ రాయ్స్‌కి కాసేపు టైమిచ్చింది. ఆమె చేతులకి బేడీలున్నాయి. లిప్‌స్టిక్ చెక్కుచెదరలేదు.

ఎమ్మెట్‌ని కాల్చింది తను కాదని చెప్పింది. కాల్చమన్నదీ తను కాదట. ఆయన ఎక్కడ ఒంటరిగా కూర్చుని తింటాడో, గాలి ఎప్పుడు ఆగుతుందో అడిగితే చెప్పిందట. అంతే అని, ఆ 'అంతే' తనకే రుచించక మొహం తిప్పుకుంది. ఆ ముసలాయనే ఆమెకి పదహారో ఏట రైఫిల్ పట్టుకోవడం నేర్పాడు. రాయ్స్‌కి ఆమెను కొట్టాలనిపించింది, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"ఒకటి చెప్పు" అంది ఆమె. "నేను ఆపకపోతే కాల్చేవాడివా?"

"ఆపుతావని తెలుసు."

"అంటే నన్ను వాడుకున్నావు."

"అవును."

"నేను నిన్ను రెండేళ్లు వాడుకున్నాను" అంది లెనోర్. "కానీ ఇంత బాగా వాడుకోలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అదుంటే అతనికి కాస్త తేలికయ్యేది. నేను ఆపుతానని నువ్వు నమ్మావు కాబట్టి దొరికిపోయాను, నమ్మకపోయినా బాగుండేది అన్నట్టు ఒక్కసారి అతని భుజానికి నుదురు ఆనించింది. మారియన్ తలుపు తట్టింది.

కమిటీ కెస్లర్ ఫోర్క్‌ని ఎంచుకుంది. ఎవరూ పండగ చేసుకోలేదు, టీకప్పు రైఫిల్‌కి అంతే గౌరవం. మేనేజరు నోరు విప్పాక బూడిద కొంగ మనుషులు వరసగా దొరికారు, ఎదురుగుట్ట మీంచి కాల్చినవాడితో సహా.

శనివారం లారమీ బేకరీ నుంచి ఫోనొచ్చింది, కేక్ రెడీ అని. రాయ్స్ రద్దు చేయడం మర్చిపోయాడు. కౌంటర్ దగ్గర ఆవిడ పెళ్లికూతురేదీ అని అడిగితే, పని పడిందన్నాడు. కేక్‌ని ఆఫీసుకి తెచ్చి మారియన్ బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ ప్లాస్టిక్ చెంచాలతో తిన్నారు. రాయ్స్ మధ్యలో ఒకసారి చెంచా కింద పెట్టేశాడు. మారియన్ కిటికీ బయటికి చూస్తూ, అతను మళ్లీ చెంచా తీసుకునేదాకా ఆగి, రిపోర్టు టైపు చేయడం మొదలుపెట్టింది.

"సమాచారం ఇచ్చిన వ్యక్తి నమ్మదగినవారా?" అని పైకి చదివింది.

"ఒక్క విషయంలో, ఒక్కసారి..." అన్నాడు రాయ్స్.

"అంత చోటు లేదయ్యా ఇక్కడ. అవునో కాదో చెప్పు."

రాయ్స్ ఇంకో ముక్క కోసుకున్నాడు.

"కాదనే కొట్టండి. ప్రభుత్వం జీతమిచ్చేదే అబద్ధాలాడమని కదా."