మూడు పేర్లకు మినహాయింపు

సాయంత్రం నాలుగు. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తు అద్దాల మీద నీళ్లు ధారలు కట్టి, అవతలి టవర్లు కనిపించడం మానేశాయి.

టెస్టింగ్ గదిలో సుగుణ, ప్రశాంత్ ఇద్దరే. పని మామూలుదే. సర్వర్ మీద ఉత్తుత్తి ప్రోగ్రాములు నడిపి, మెమరీ నిండేదాకా నింపడం. నిండితే సర్వర్ తానే ఒకదాన్ని ఎంచి చంపుతుంది. మిగతావి బతుకుతాయి. ఈ ప్రోగ్రాములకు అంకెల బదులు ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టుకోవడం ఆ గదిలో అలవాటు. సుగుణవి మూడు: భర్త ఇస్సాకు, కొడుకు కిరణ్, కూతురు జాయ్స్. ప్రశాంత్‌వి రెండు: భార్య హరిత, ఎనిమిదేళ్ల కూతురు రసజ్ఞ.

మెమరీ నిండింది. తెర మీద చచ్చిన ప్రోగ్రాము పేరు పడింది. జాయ్స్.

సుగుణ మళ్లీ నడిపింది. జాయ్స్.

"మీ పాప జర ఎక్కువ తింటదేమో అక్కా," ప్రశాంత్ నవ్వాడు.

"అన్నిటికీ సమానంగానే ఇచ్చాను." అతని చేతుల వంక అనుమానంగా చూసింది. "నువ్వేమైనా కెలికావా?"

"నేనెందుకు కెలుకుత? చేతిల చాయ్ ఉంది."

ఆమె వరుస మార్చింది. అతని కంప్యూటర్ కేబుల్ పీకేసింది. సర్వర్ ఫ్యాన్ల హోరు పెరిగింది. కాలిన వైరు వాసన... కాదు. తడిసిన జుట్టు వాసన.

జాయ్స్.

కూతురికి ఫోన్ చేసింది. మోగుతోంది... ఎత్తలేదు. కాలేజీ వదిలే వేళ. షేర్ ఆటోలో ఉంటుంది.

ఫలానా ప్రోగ్రామును ముట్టొద్దని సర్వర్‌కు చెప్పొచ్చు. టెస్టులో అలా చేయకూడదు. ప్రశాంత్ గ్లాసు పడేయడానికి లేచాడు. సుగుణ గబగబా మినహాయింపు రాసింది. తన మూడు పేర్లకే.

నడిపింది. ఫ్యాన్లు ఆగినట్టే ఆగి...

రసజ్ఞ.

తెర ఆర్పేసింది.

"ఈసారి ఎవరక్కా?"

"ఎవరూ కాదు. ఇంటికి పో ప్రశాంత్. తొందరగా పో."

ఏడింటికి హఫీజ్‌పేట్‌లో సుగుణ ఇంటికి ఇస్సాకు వచ్చాడు. కిరణ్ వచ్చాడు. చివరికి జాయ్స్.

"ఫోనెందుకు ఎత్తలేదే?"

"బ్యాగులో ఉందమ్మా. ఇది విను. కొత్తగూడ దగ్గర ఆటో ఆపి, డ్రైవర్ వెనక్కి తిరక్కుండానే 'జాయ్స్, దిగు' అన్నాడు. నా పేరు ఆయనకెట్లా తెలుసో! నేను లేస్తుంటే పక్కనున్న చిన్నపిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. 'నిన్ను కాదక్కా... ఇప్పుడు నన్ను' అని దిగిపోయింది."

సుగుణ ఫోన్ మోగుతోంది. ప్రశాంత్. ఆమె ఎత్తలేదు.

వేళ్ల మీద లెక్కపెట్టింది. ఇస్సాకు. కిరణ్. జాయ్స్. ముగ్గురూ వచ్చారు.

చిన్న చెయ్యేదో పట్టి వంచినట్టు, నాలుగో వేలు ఆమె ముడవకుండానే ముడుచుకుంది.