స్తోయాంక హాజరు

మొరావా నది ఒడ్డున ఒక పాత బడి ఉంది. దాని పైఅంతస్తు చివరి గదిలో చీకటిపడ్డాక ఎవరినీ పేరుపెట్టి పిలవకూడదంటారు. యుద్ధంలో అది ఆసుపత్రి. రాత్రిళ్లు నర్సు పేర్లు పిలుస్తుంటే, పొద్దున పోయినవాళ్లు కూడా పలికేవారట...

తిహొమీర్ వాళ్ల తరగతి ఆ గదే. చదువైన నలభై ఏళ్లకి కలిసేది కూడా అక్కడే అని అందరూ పట్టుబట్టారు. మూతపడ్డ బడి, కరెంటు లేదు. కొవ్వొత్తులు తెచ్చుకున్నారు.

ఏర్పాట్లన్నీ తిహొమీర్‌వే. అందరినీ వెతికి పట్టుకున్నాడు — ఒక్క స్తోయాంకని తప్ప. ఆమె ఉండేది పైనున్న కొండపల్లెలోనే. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? చివరి పరీక్షకి ప్రశ్నపత్రం దొంగిలించింది తను. సోదా చేస్తున్నారని తెలిసి దాన్ని ఆమె సంచిలోకి తోసిందీ తనే. ఆమెను బడి నుంచి గెంటేశారు. తను పాసయ్యాడు.

అందుకే, "మరి స్తోయాంకో?" అని అదే తరగతిలో చదివిన మిలెవ అడిగితే, నోటికొచ్చింది అనేశాడు.

"పోయిందట."

మిలెవ భోరుమంది. అది చూశాక, అబద్ధమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఆ రాత్రి రకియా సారా గ్లాసులు పక్కన పెట్టి అందరూ పాత బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. ఓబ్రాద్ మాస్టారికి చూపు పోయింది గానీ, పేర్లన్నీ నోటికే వచ్చు. ఆయన పిలిస్తే "ఉన్నాను" అనాలి. పోయినవాళ్ల పేరొస్తే అందరూ లేచి నిలబడాలి. ఆయన ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు.

"వెలీషా."

"ఉన్నాను!"

"నీ గొంతు ఇప్పటికీ మేకపిల్లదేరా!"

నవ్వులు. తిహొమీర్ నవ్వలేదు. తర్వాత ఎవరి పేరో అతనికి తెలుసు.

"స్తోయాంక."

అందరూ లేచారు. అతనూ లేచాడు. మాస్టారు అగ్గిపుల్ల గీశారు...

"ఉన్నాను."

గుమ్మం వైపు నుంచి — మెల్లగా.

అగ్గిపుల్ల ఆరిపోయింది. మిలెవ గబగబా శిలువ గుర్తు వేసుకుంది. "ఈ గదిలో పిలవొద్దని... అన్నారు కదా..." ఎవరో గొణిగారు.

తిహొమీర్‌కి తెలిసిపోయింది. ఆ గొంతు అతను మరిచిపోలేదు. ఇదే గదిలో, "నేను కాదు మాస్టారూ" అని ఏడ్చిన గొంతు.

అడుగుల చప్పుడు... కొవ్వొత్తి వెలుగులోకి ఉన్ని శాలువా, బురద బూట్లు, చేతిలో బుట్ట.

"ఏమిటా చూపులు? జున్ను అమ్ముదామని సంతకొచ్చాను. కరెంటు స్తంభానికి నా చావు కబురు కాగితం అంటించి ఉంది, కింద మన తరగతి పేరు, ఈ రాత్రి ఇక్కడ కలుస్తున్నారనీ ఉంది. ఫోటో మాత్రం బాగుందే మిలెవా."

"నేనే అచ్చు వేయించానే తల్లీ! మనవాళ్లు ఎవరు పోయినా అంటిస్తాం కదా! నువ్వు పోయావన్నారే!"

"ఎవరన్నారు?"

మిలెవ తల తిహొమీర్ వైపు తిరిగింది. తర్వాత ఒక్కొక్కటిగా అన్ని తలలూ... ఆఖరున స్తోయాంక.

ఇప్పుడు చెప్పేస్తుంది, అనుకున్నాడు. ఆ ప్రశ్నపత్రం సంగతి. అది ఎవరి పనో ఆమెకి తెలియకుండా ఉంటుందా? చెబితే బాగుండునని కూడా అనిపించింది.

ఆమె బుట్ట కింద పెట్టి, ముందు బెంచీలో కూర్చుంది. "నాకు పిలుపు రాలేదు. అదే పిలుపనుకుని వచ్చాను," అంది.

"బతికుంటే మంచిదేగా. కూర్చోండర్రా," అన్నారు మాస్టారు. "తిహొమీర్."

అతను నోరు తెరిచాడు. ఒక్క మాట. రాలేదు.

"తిహొమీర్?"

ఎవరూ అతని తరఫున పలకలేదు.

మాస్టారు నిట్టూర్చారు. "వీడూనా..." అంటూ తడుముకుని అగ్గిపుల్ల తీశారు.

స్తోయాంక చేయి చాచి ఆయన చేతిని పట్టుకుంది.

"వద్దు మాస్టారూ. ఉన్నాడు. నేను చూస్తున్నాను."